ఆకాశంలో వీధిపోటు

జిల్లాలు విడగొట్టిన మరుసటి ఏడు మాఘమాసంలో నన్ను రాజమండ్రి టెలిఫోన్ ట్రాన్స్‌మిషన్ విభాగానికి సబ్ డివిజనల్ ఇంజనీరుగా వేశారు. పదవీ విరమణ దగ్గరపడ్డవాణ్ణి మా సంస్థలో సాధారణంగా ఫ్యాను కింద కూర్చోబెట్టి పాత ఫైళ్ళు తిరగేయమంటారు. నాకు మాత్రం గోదావరి పాయ మధ్యలో ఉన్న ఒక లంకకు మైక్రోవేవ్ లింకు వేసే పని అప్పగించారు. ఇందులో మనుషుల పేర్లు మార్చాను, ఆ లంక చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు అసలు రాయడం లేదు. వాళ్ళంతా ఇంకా అక్కడే ఉన్నారు, నేనింకా ఆ వైపు పెళ్ళిళ్ళకు వెళ్ళి భోజనం చేయాల్సిన మనిషిని.

ఆ లంకలో సెల్ సిగ్నల్‌తో సహా ఫోన్లన్నీ పనిచేసేది పాయ దాటే కాజ్‌వే పక్కన పాతిన ఒక కేబుల్ వల్ల. ఏటా వరదకు కాజ్‌వే మునుగుతుంది, ఎర్రనీటి కోతకు కేబుల్ తెగుతుంది. అంటే ఏడాది పొడుగునా ఫోను ఉంటుంది, ప్రాణం మీదికి వచ్చిన వారం రోజులు మాత్రం ఉండదు. నేల మీద తీగ బదులు గాలిలో రేడియో లింకు వేస్తే వరద దాని కింద నుంచి తన దారిన తాను పోతుంది. ఆషాఢం వెళ్ళేలోగా లింకు పనిచేయాలని నాకిచ్చిన ఉత్తర్వు.

ఆ లింకు కోసం మాకంటే ఎక్కువ ఎదురు చూసిన మనిషి నాగమణి గారు. లంకలోని ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్ఎం. కిందటి వరదలో ఒక ఇల్లాలికి నొప్పులు వస్తే, పడవ కోసం ఈమె బడి మేడ ఎక్కి సాయంత్రం దాకా ఫోను పట్టుకుని తిరిగారు. సిగ్నల్ దొరకలేదు. చివరికి ఎర్ర చీర ఊపితే గట్టు మీద ఎవరో చూసి పడవ పంపారు. కాన్పు పడవలోనే అయింది. తల్లీ బిడ్డా బతకడం కేవలం అదృష్టమని ఆమె నాతో అన్నారు. ఈసారి దుర్గ అనే అమ్మాయికి శ్రావణంలో నెలలు నిండుతాయట. తొలి కాన్పు, పైగా ఒంట్లో రక్తం తక్కువ. "ఈసారి కూడా చీరే ఊపాలంటారా సార్" అని అడిగారు. పని మొదలుపెట్టాను.

పాఠకులకు మా పని గురించి రెండు మాటలు. మైక్రోవేవ్ లింకుకు రెండు చివర్లా రెండు యాంటెన్నాలు ఉంటాయి. ఒకదాని నుంచి చూస్తే రెండోది నేరుగా కనపడాలి. దాన్నే లైన్ ఆఫ్ సైట్ అంటాం. అయితే కంటికి కనపడినంత మాత్రాన సరిపోదు. రేడియో తరంగం దారంలా సన్నగా పోదు. రెండు చివర్లా సన్నగా, మధ్యలో లావుగా, పొడుగాటి దోసకాయ ఆకారంలో చోటు అడుగుతుంది. దాని పేరు ఫ్రెనెల్ జోన్. మధ్య గీత నుంచి దోసకాయ తొక్క దాకా ఉన్న దూరంలో కనీసం అరవై శాతం ఏ అడ్డూ లేకుండా ఉండాలని రూలు. లేకపోతే లింకు నిలబడదు, నిలబడినా వాన రోజు మొరాయిస్తుంది. మనకు అది కావలసింది వాన రోజే.

డెల్టాలో కొండలుండవు కాబట్టి ఇక్కడ లింకు వేయడం అరచేతి మీద గీత గీసినంత సులువని పై ఆఫీసుల్లో ఒక నమ్మకం ఉంది. కొండను ఒకసారి కొలిస్తే చాలు, అది కొలిచిన ఎత్తులోనే ఉంటుంది. కొబ్బరి చెట్టు అలా ఊరుకోదు, పెరుగుతుంది. పెరిగాక కొట్టమని అడగలేం. కాసే చెట్టు మీద చెయ్యి వేయమన్న ఆఫీసరుకు ఆ ఊళ్ళో మంచినీళ్ళు కూడా పుట్టవు. అందుకని సర్వేలో నేను చెట్ల ఎత్తుకు పదేళ్ళ పెరుగుదల కూడా కలిపి లెక్కవేసేవాణ్ణి.

ఈ లింకుకు ఒక చివర మండల కేంద్రంలో మా ఎక్స్ఛేంజి టవరు. రెండో చివర దానికి నైరుతి దిక్కున లంకలో పంచాయతీ భవనం మీద యాంటెన్నా బిగించే ఒక చిన్న మాస్టు. భవనం పాతది, అంతకంటే పొడుగు మాస్టును మోయదు. కొత్త టవరు కట్టాలంటే ఇసుక నేలలో పునాదులు తవ్వాలి, మంజూరు రావాలి, ఈలోగా రెండు వరదలు వచ్చి వెళ్ళిపోతాయి. కాబట్టి లంక వైపు మా దోసకాయ కిందుగానే పోవాలి. లంక నుంచి పాయ దాటి ఇవతలికి రాగానే ఏటిగట్టు, గట్టు పొడుగునా కొబ్బరి తోటలు. మా జూనియర్ టెలికాం ఆఫీసరు లావణ్యా నేనూ గట్టంతా నడిచి చూస్తే తోటల మధ్య ఒకే ఒక సందు కనిపించింది. ఆ సందులో ఒక డాబా ఇల్లు, దాని మీద ఒక అంతస్తు. కొలిచాం, లెక్క వేశాం. ఇల్లు మా దోసకాయ కిందికి హాయిగా ఒదిగింది. నక్షా గీసి, సంతకం పెట్టి పై ఆఫీసుకు పంపాను.

చైత్రం చివర్లో పరికరాలు వచ్చాయి. యాంటెన్నాలు బిగించి రెండు చివర్లా మెల్లగా తిప్పుతూ, మీటరులో సిగ్నల్ ఎక్కడ ఎక్కువ వస్తుందో అక్కడ ఆపడాన్ని అలైన్‌మెంట్ అంటాం. నేను టవరు దగ్గర, లావణ్య లంకలో. ఎంత తిప్పినా లెక్క ప్రకారం రావలసిన దాంట్లో ఆవగింజంత కూడా రావడం లేదు. చివరికి లావణ్య బైనాక్యులర్స్‌తో చూసి ఫోను చేసింది.

"సార్, ఆ ఇంటి మీద ఇంకో మేడ లేస్తోందండి. దాని మీద ట్యాంకు దిమ్మె కూడా కడుతున్నారు."

ఆ ఇల్లు అబ్బులు గారిది. కొబ్బరి తోట, రెండు రొయ్యల చెరువులు ఉన్న రైతు. మర్నాడే వెళ్ళాను. వెళ్ళిన పని చెప్పకముందే ఆకు వేసి పెసరట్టూ ఉప్మా పెట్టారు. భార్య మంగతాయారు గారు వద్దంటున్నా ఇంకో అట్టు వేశారు. తిన్నాక విషయం చెప్పాను. ట్యాంకు కొంచెం పక్కకు జరపగలరా, లేదా దిమ్మె ఎత్తు తగ్గించగలరా అని అడిగాను. ఆయన ఎంతో ఆప్యాయంగా "చూద్దామండి, మీరు ఇంత దూరం వచ్చి అడిగితే కాదంటామా అండి" అన్నారు. నేను తూర్పుగోదావరిలో పుట్టినవాణ్ణే. ఆ మాటకు అర్థం కుదరదని నాకు తెలుసు. కానీ పెసరట్టు తిన్న నోటితో రెట్టించి అడగలేక వచ్చేశాను.

వచ్చేముందు ఆయన ఒక్క ప్రశ్న వేశారు. "మా ఇంటి మీద నుంచి పోయేది ఏంటండీ అసలు?" ఎక్స్ఛేంజి నుంచి లంకకు మాటలు మోసుకుపోయే దారి అని వీలైనంత సులువుగా చెప్పాను. ఈశాన్య మూల నుంచి వచ్చి నైరుతి మూల మీదుగా పోతుందని, అక్కడే ట్యాంకు తగులుతోందని వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నారు. అంత శ్రద్ధగా ఎందుకు విన్నారో వారం తర్వాత తెలిసింది.

రెండోసారి వెళ్ళేసరికి ఇంట్లో సిద్ధాంతి గారు ఉన్నారు. ఆ చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ వాస్తు చూసే పెద్దాయన. తెల్లటి పంచె, చొక్కా జేబులో దిక్సూచి. నా జేబులోనూ దిక్సూచే. ఇద్దరం మర్యాదగా ఒకరి దిక్సూచి ఒకరు చూసుకున్నాం. నాది కొంచెం ఖరీదైనది, ఆయనది కొంచెం నమ్మకమైనది.

విషయం ఏమిటంటే, నేను "దారి" అన్న మాటను అబ్బులు గారు సిద్ధాంతి గారికి చెప్పారు. వీధి వచ్చి ఇంటికి తగిలి ఆగితే దాన్ని వీధిపోటు అంటారు కదా. ఆకాశంలో వచ్చినా దారి దారేనని సిద్ధాంతి గారి తీర్మానం. అది ఈశాన్యం నుంచి వచ్చే పోటు. ఈశాన్యపు పోటు ఇంటికి మహా మంచిది, ఐశ్వర్యం ఇస్తుంది. "మరి అంత మంచి పోటును ఆపకుండా మీద నుంచి పోనిమ్మంటారేంటండీ" అని అబ్బులు గారు నన్ను ఎంతో బాధగా అడిగారు. పోటు జారిపోకుండా ట్యాంకు చుట్టూ గోడ ఇంకో మూడు అడుగులు లేపించేశారట. మేడ మీదికి తీసుకెళ్ళి చూపించారు కూడా. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది.

కిందికి దిగి వచ్చాక నేను నిజం చెప్పాల్సి వచ్చింది. మా దారి ఒకవైపే పోదని, ఫోనులో ఇద్దరూ మాట్లాడతారు కాబట్టి లంక నుంచి కూడా తరంగాలు తిరిగి వస్తాయని చెప్పాను. అంటే నైరుతి నుంచి ఈశాన్యానికి అన్నమాట.

నైరుతి పోటు ఎంత చెడ్డదో నాకు ఎవరూ వివరించనక్కర లేకుండా అబ్బులు గారి ముఖం చెప్పింది. ఆయన మెల్లగా మంచం మీద కూర్చుని, "రెండు పక్కల నుంచీ అంటే, ఒక పక్క నుంచి వచ్చింది ఇంకో పక్క నుంచి పోతుందా అండి" అని సిద్ధాంతి గారిని అడిగారు. సిద్ధాంతి గారు చాలాసేపు ఆలోచించి, చెడు ఎప్పుడూ మంచి కంటే జోరుగా ఉంటుందని చెప్పి, పరిహారం సూచించారు. వీధిపోటుకు ఎదురుగా వినాయకుణ్ణి నిలపాలి. పోటు ఆకాశంలో ఉంది కనుక వినాయకుడు కూడా ఆ ఎత్తులోనే, ట్యాంకు మీద, నైరుతికి తిరిగి ఉండాలి.

అలా నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ట్యాంకు దిమ్మెగా ఉన్న అడ్డు, రెండోసారికి గోడ అయి, నేను గడప దిగేసరికి గోడ మీద నాలుగు అడుగుల సిమెంటు వినాయకుడు కావడం ఖాయమైంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను వివరిస్తే పెరిగే అడ్డును చూడటం అదే మొదలు. ఎంత కచ్చితంగా చెబితే అంత ఎత్తు పెరిగింది.

రాజమండ్రి తిరిగి వచ్చి పై ఆఫీసుకు పరిస్థితి రాశాను. అడ్డుకు కారణం అనే గడిలో ఏం రాయాలో చాలాసేపు తోచలేదు. చివరికి "స్థానిక నిర్మాణం, మార్పు చెందుతున్నది" అని రాశాను. వాళ్ళు ఫోను చేసి, మార్పు చెందడం అంటే ఏమిటని అడిగారు. పెరుగుతోందని చెప్పాను. చెట్టా అన్నారు. కాదు, ఇల్లు అన్నాను. అవతల ఆఫీసరు ఇంకో దారి చూడమన్నారు. ఇంకో దారి లేదని తోటలన్నీ తిరిగినవాణ్ణి నాకు తెలుసు. జ్యేష్ఠం సగం అయిపోయింది. నాకు నిజంగా భయం వేసింది. లింకు ఆలస్యమైతే నన్నెవరూ ఏమీ అనరు, ఎటూ దిగిపోయేవాణ్ణి. కానీ దుర్గకు నెలలు నిండటం మా మంజూరు కోసం ఆగదు కదా.

మూడోసారి వెళ్ళేటప్పుడు నాగమణి గారిని వెంట తీసుకెళ్ళాను. సిద్ధాంతి గారు ఆ రోజు కూడా అక్కడే ఉన్నారు. నాగమణి గారు లెక్కలేమీ చెప్పలేదు. నేరుగా కూర్చుని కిందటి ఏడు పడవలో జరిగింది చెప్పారు. దుర్గ గురించి చెప్పారు. "అబ్బులు గారూ, మీ ఇంటి మీద నుంచి పోయేది పోటో, వీధో నాకు తెలీదండి. ఆ పిల్లకి నొప్పులొస్తే నేను చేసే ఫోను పోయేది మాత్రం దాని మీదేనండి."

అబ్బులు గారు తల వంచుకున్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాకు ఇష్టం లేక కాదమ్మా. నా పరిస్థితి ఎవరికీ చెప్పుకోలేను" అన్నారు. అప్పుడు నేను మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అడిగాను. అసలు ఆ రెండో మేడ ఎందుకు కడుతున్నారు?

ఆయన మంగతాయారు గారు వంటింట్లో ఉన్నారో లేదో ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించి చెప్పారు. రొయ్యల చెరువులు వరసగా రెండు పంటలు తెగులుకు పోయాయి. దాంతో ఆయన సిద్ధాంతి గారికి ఇల్లు చూపించారు. దోషం ఈశాన్యంలో ఉందట. అక్కడ మేడ మీద మెట్ల గది కట్టారు, అది ఇంటికల్లా ఎత్తయిపోయింది. ఈశాన్యం పల్లంగా, నైరుతి ఎత్తుగా ఉండాలన్నది శాస్త్రం. మెట్ల గది తీసేస్తే సరిపోతుంది. కానీ ఆ మెట్ల గది దగ్గరుండి కట్టించింది ఆయన బావమరిది. తన అక్క ఇంటికని నెల రోజులు తన పనులు మానుకుని కట్టించాడు. దాన్ని పడగొడితే ఏమనుకుంటాడు? మంగతాయారు గారు ఏమనుకుంటారు? అందుకని గదిని ముట్టుకోకుండా నైరుతి వైపే దానికంటే ఎత్తు లేపుదామని ఒక అంతస్తు మొత్తం మొదలుపెట్టారు.

నేను సిద్ధాంతి గారి వైపు తిరిగి, నైరుతి ఎంత ఎత్తు ఉండాలని అడిగాను. "ఇంత అని కాదండీ, ఈశాన్యం కంటే ఎక్కువ ఉండాలి, అంతే" అన్నారాయన. నాకు ప్రాణం లేచి వచ్చింది. మా వృత్తిలో కూడా సిగ్నల్‌ను ఇంత అని కొలవం, దేనికంటే ఎంత అని కొలుస్తాం. డెసిబెల్ అంటే అదే. ఈ మాట చెబితే సిద్ధాంతి గారు తృప్తిగా తల ఊపారు. ఆయన శాస్త్రంలోకి నేను ఆలస్యంగా వచ్చి చేరినట్టు చూశారు.

ఈలోగా గుమ్మంలో కాఫీ గ్లాసులతో మంగతాయారు గారు నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి వింటున్నారో తెలీదు. గ్లాసులు బల్ల మీద పెట్టి భర్తతో అన్నారు.

"మా తమ్ముడు ఏమన్నా అనుకుంటాడని మేడ మీద మేడ కడుతున్నారేంటండీ? ఆ గది వాడికే నచ్చలేదు. తలుపు వంకరగా వచ్చిందని, బావగారు ఏమనుకుంటున్నారోనని, అందుకే కదా వాడు మనింటికి రావడం తగ్గించాడు. పడగొట్టేద్దాం అక్కా అని నాతో రెండుసార్లు అన్నాడు. మీరు బాధపడతారని నేనే చెప్పలేదు."

ఒకరినొకరు నొప్పించకూడదని ముగ్గురు మనుషులు ఊరుకుంటే ఒక అంతస్తు లేచింది. నాగమణి గారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. అబ్బులు గారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాఫీ చేతిలో పట్టుకుని తాగడం మరిచిపోయారు.

మిగిలినదల్లా సాంకేతికం. మెట్ల గది తీసేస్తే నైరుతిలో చిన్న దిమ్మె మీద ట్యాంకు పెట్టినా ఇంటికల్లా అదే ఎత్తు అవుతుంది. రెండో అంతస్తు అక్కర్లేదు. ఇక పోటు సంగతి. వచ్చిన దారి ఆగకుండా పోతే అది పోటా, వీధా అని సిద్ధాంతి గారిని అడిగాను. ఆగితేనే పోటు, సాగిపోతే వట్టి వీధి అని ఆయన తేల్చారు. అయితే ఆ వీధి వెడల్పెంతో చెప్పమన్నారు. కాగితం మీద దోసకాయ గీసి, అందులో అరవై శాతం వదిలితే మా రూలుకు సరిపోతుందని చూపించాను. ఆయనకు నచ్చలేదు.

"అరవై శాతం ఏంటండీ? వీధిలో గోడ అంగుళం ముందుకొచ్చినా దోషమే. మొత్తం వదలాలి."

మొత్తం అంటే తొక్క దాకా. మా పై ఆఫీసు కూడా ఎప్పుడూ అంత అడగలేదు. అబ్బులు గారు మర్నాటి నుంచే గోడలు దింపించారు. ట్యాంకు దిమ్మె నేను అడిగిన దానికంటే ఇంకా కిందికి పోయింది. మెట్ల గది పడగొట్టే పని బావమరిదే దగ్గరుండి చేయించాడు, చాలా ఉత్సాహంగా చేయించాడని లావణ్య చెప్పింది. వినాయకుణ్ణి గేటు పక్కన నిలబెట్టారు.

ఆషాఢం మొదటి వారంలో మళ్ళీ అలైన్‌మెంట్ చేశాం. సిగ్నల్ లెక్క ప్రకారం రావలసినంతా వచ్చింది. లంక వైపు మీటరు చూడటానికి అబ్బులు గారు కాజ్‌వే దాటి వచ్చారు. మీటరులో అంకె ముందు మైనస్ గుర్తు చూసి ఆయన ముఖం మళ్ళీ మారింది. "మైనస్ అంటే నష్టమే కదండీ" అన్నారు. మా లెక్కలో ఎప్పుడూ మైనస్సే వస్తుందని, ఎంత తక్కువ మైనస్ అయితే అంత లాభమని లావణ్య ఓపిగ్గా చెప్పింది. రొయ్యల చెరువుల లెక్క కూడా అంతేనని ఆయన ఒప్పుకున్నారు.

వరద ఆషాఢం చివర్లోనే వచ్చేసింది. కాజ్‌వే మునిగింది, కేబుల్ ఎప్పటిలాగే తెగింది. దుర్గకు నెలలు నిండకుండానే, అదే మధ్యాహ్నం, వాన కురుస్తుండగా నొప్పులు మొదలయ్యాయి. నేను ఎక్స్ఛేంజిలో మీటరు ముందు కూర్చుని ఉన్నాను. అంకె కొంచెం ఊగింది కానీ పడిపోలేదు. పొద్దు గుంకే లోపు పడవ వెళ్ళి ఆ అమ్మాయిని ఆసుపత్రికి చేర్చింది. రక్తం ఎక్కించాల్సి వచ్చిందట. ఆడపిల్ల పుట్టింది. నాగమణి గారు ఆసుపత్రి వరండా నుంచి నాకు ఫోను చేశారు. "ఒక్కసారే చేశానండి సార్. పడవ వాళ్ళు మొదటి రింగుకే ఎత్తారు" అన్నారు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. అడ్డు ఎంత ఎత్తు ఉందో కొలిచే ముందు, అది ఎందుకు లేచిందో అడగాలి. ఎత్తుతో మాట మొదలుపెడితే మనం వెళ్ళిన ప్రతిసారీ అది పెరుగుతుంది. ఉద్యోగంలో మిగిలిన కొద్ది కాలంలో నేను చేసిన సర్వేలన్నిటిలోనూ ఇంటి యజమానితో ముందుగా మేడ సంగతి ఎత్తలేదు. బావమరుదులు ఎంతమంది, ఏం చేస్తుంటారు అని అడిగాను.